వివాదంలో పడిన యానిమేషన్ చిత్రాన్ని బేరీజు వేయడం ఎలా: ‘బ్యాట్‌మ్యాన్: ది కిల్లింగ్ జోక్’ ఉదాహరణగా

2016 జులైలో వచ్చిన ‘బ్యాట్‌మ్యాన్: ది కిల్లింగ్ జోక్’ అనే యానిమేషన్ చిత్రం మీద, దాన్ని చూసినవారికి ఇప్పటికీ ఏకాభిప్రాయం కుదరలేదు. కొందరు దాన్ని మూల కామిక్‌కు జరిగిన అపచారమంటారు. మరికొందరు ఆ కామిక్‌ను భక్తితో, మాట పొల్లుపోకుండా తెర మీదికి తెచ్చారంటారు. ఈ రెండు మాటలకూ సినిమాలోనే ఆధారం దొరుకుతుంది, అందుకే ఈ వాదన తెగదు. ఇటువంటి చిత్రాన్ని చూసి, బాగుందనో బాగాలేదనో ఒక్క మాటతో సరిపెట్టకుండా, ఎక్కడ నిలిచిందో, ఎక్కడ కూలిందో, ఆ కూలడానికి కారణమేమిటో ఆధారంతో చెప్పగలిగే తీర్పుకు ఎలా చేరుకోవాలో ఇక్కడ వివరిస్తాను. ముగింపుతో సహా కథంతా ప్రస్తావనకు వస్తుంది కనుక, చూడాలన్న ఆసక్తి ఉన్నవారు ముందు చూసి, ఆ తరువాత ఇది చదవడం మేలు.

చూడబోయేముందు ఒక జాగ్రత్త అవసరం. బొమ్మల సినిమా అంటే పిల్లల సినిమా అన్న నమ్మకం మన ఇళ్లలో ఇంకా బలంగా ఉంది. ఈ చిత్రానికి అమెరికాలో ‘ఆర్’ రేటింగు ఇచ్చారు. అంటే పదిహేడేళ్లు నిండనివారు పెద్దల తోడు లేకుండా థియేటరులో చూడకూడదు. ఇందులో తుపాకీ గాయం, చిత్రహింస, లైంగిక ప్రస్తావనలు ఉన్నాయి. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని మొదలుపెట్టి మధ్యలో ఇబ్బంది పడి ఆపేసినవారి అభిప్రాయం సినిమా మీద తీర్పు అనిపించుకోదు.

మూలాన్ని ముందు చదవండి

అనుసరణను తూచాలంటే మూలం చేతిలో ఉండాలి. ఈ కామిక్ 1988లో వెలువడింది. రచన అలన్ మూర్, బొమ్మలు బ్రయన్ బోలండ్, రంగులు జాన్ హిగ్గిన్స్. యాభై పేజీలకు లోపే ఉన్న పుస్తకం కనుక ఒక సాయంత్రం సరిపోతుంది. అయితే రెండుసార్లు చదవాలి: మొదటిసారి కథ కోసం, రెండోసారి పేజీల కూర్పు కోసం. ఈ రెండో చదువు లేకుండా సినిమా ముందు కూర్చుంటే, సంభాషణ మారలేదు కాబట్టి ఏదీ మారలేదన్న పొరపాటుకు లోనవుతారు.

రెండో చదువులో ముఖ్యంగా గమనించవలసినది పుస్తకానికున్న వలయాకారం. మొదటి పేజీలో గుంటలో నిలిచిన నీటి మీద వాన చినుకులు పడుతూ ఉంటాయి; చివరి పేజీలోనూ అవే చినుకులు. మొదటి సన్నివేశంలో, ముసుగు వేసుకుని నేరస్థులను ఎదుర్కొనే బ్యాట్‌మ్యాన్ ఆర్కమ్ ఉన్మాద చికిత్సాలయానికి వెళ్లి, తన ప్రధాన శత్రువు జోకర్ అనుకున్న మనిషి ఎదుట కూర్చుని, మన ఇద్దరిలో ఎవరో ఒకరు రెండోవారి చేతిలో చచ్చేదాకా ఇది సాగకూడదు, ఒక్కసారైనా మాట్లాడుకుందాం అన్న ఉద్దేశంతో మాట కదుపుతాడు. ఆ మనిషి చేతిని పట్టుకోగానే తెల్లరంగు అంటుకుని, అతడు వేషగాడని తెలుస్తుంది. అసలు మనిషికి అందకుండా పోయిన ఆ మాటే చివర్లో వానలో మళ్లీ వినిపిస్తుంది. ఈ రెండు కొసలు కలిస్తేనే కథ కథవుతుంది.

తరువాత గడుల అతుకులను, అంటే కథ ఒక బొమ్మ గడి నుంచి మరో గడికి దాటే చోట్లను చూడండి. జోకర్ వర్తమానం నుంచి గతానికి, అంటే నవ్వించడం చేతకాని ఒక పేద హాస్యగాడికి, గర్భవతి అయిన అతని భార్యకు సంబంధించిన రోజులకు వెళ్లే ప్రతిసారీ, ఒక గడిలో అతని శరీరం ఏ భంగిమలో ఉందో, మరుసటి గడిలో కాలం మారినా అదే భంగిమ కొనసాగుతుంది. చెయ్యి చాచినవాడు చాచినట్టే ఉంటాడు; ఆ పేద హాస్యగాడి స్థానంలో మాత్రం రాక్షసుడు ఉంటాడు. జ్ఞాపకం అనేది ఎలా వచ్చి మీద పడుతుందో చెప్పడానికి ఇంతకన్నా పొదుపైన పద్ధతి నేను ఇంకెక్కడా చూడలేదు.

మీరు చదువుతున్న పుస్తక ప్రతి ఏ ముద్రణకు చెందినదో కూడా చూసుకోవాలి. 1988 నాటి రంగులు హిగ్గిన్స్‌వి. అవి ముదురుగా, కళ్లు చెదిరేటట్టు ఉంటాయి. 2008లో వచ్చిన ప్రత్యేక ముద్రణకు బోలండ్ స్వయంగా రంగులు మార్చి వేశాడు; గతానికి చెందిన దృశ్యాలను దాదాపు నలుపు తెలుపుల్లో ఉంచి, వాటిలో ఒక్కో ఎర్రటి వస్తువును మాత్రం వెలిగించాడు, బ్యాట్‌మ్యాన్ ఛాతీ మీది గుర్తు చుట్టూ ఉండే పసుపుపచ్చ వలయాన్ని కూడా తీసేశాడు. సినిమా రంగులు మూలానికి తగ్గట్టు లేవని ఎవరైనా అంటే, ఏ మూలానికి అని అడగవలసి ఉంటుంది. ఈ వివరం తెలియక సాగిన వాదనలు చాలా ఉన్నాయి.

చేర్చిన భాగాన్ని విడిగా చూడండి

సామ్ లియూ దర్శకత్వంలో, బ్రయన్ అజరెల్లో రచనతో, బ్రూస్ టిమ్ నిర్మాణంలో వచ్చిన ఈ చిత్రం నిడివి గంటంబావుకు అటూ ఇటూ ఉంటుంది. ఇందులో మొదటి అరగంట కామిక్‌లో లేనే లేదు. ఆ అరగంట పూర్తిగా పోలీసు కమిషనర్ కూతురు బార్బరా గోర్డన్‌ది. బ్యాట్‌గర్ల్‌గా, అంటే బ్యాట్‌మ్యాన్‌లాగే ముసుగు వేసుకుని నేరస్థులను ఎదుర్కొనే యువతిగా, ఆమె పారిస్ ఫ్రాంజ్ అనే యువ నేరస్థుణ్ణి వెంటాడడం, వాడికి ఆమె మీద వికృతమైన మోజు కలగడం, బ్యాట్‌మ్యాన్ ఆమెను ఆ పని నుంచి తప్పించడం, ఇద్దరూ గొడవపడటం, ఆ గొడవ మేడ మీద శారీరక సంబంధంగా మారడం, చివరికి ఆమె ముసుగు వదిలేయడం ఇందులోని కథ. ఆ తరువాతనే కామిక్ మొదలవుతుంది.

కాబట్టి ఈ చిత్రాన్ని ఒకే బిగిన చూసి ఒకే తీర్పు ఇవ్వడానికి ప్రయత్నించకండి. మొదటిసారి అలా చూసినప్పుడు నాకు చిరాకు తప్ప ఏమీ మిగల్లేదు. మొదటి అరగంట కలిగించిన కోపంతో మిగతా భాగాన్ని సరిగా చూడనేలేదు. రెండోసారి రెండు పూటలుగా విడదీసి చూశాను. అప్పుడే రెండు భాగాల లోపాలు రెండు వేరు వేరు జాతులకు చెందినవని అర్థమైంది.

చేర్చిన భాగాన్ని పరిశీలించేటప్పుడు ‘మూలంలో లేనిది ఎందుకు పెట్టారు’ అన్న ప్రశ్నను పక్కన పెట్టాలి. యాభై పేజీలు లేని పుస్తకంతో పూర్తి నిడివి చిత్రం నిండదు. ఏదో ఒకటి చేర్చక తప్పదు. పైగా చేర్చడమే దోషమనే హక్కు తెలుగు ప్రేక్షకులకు అసలే లేదు. శశిరేఖ వ్యాసభారతంలో లేదు. అయినా 1957 నాటి ‘మాయాబజార్’ను మనం ఇంటి ఆస్తిగా దాచుకున్నాం. అక్కడి కల్పన అభిమన్యుడి స్వభావానికీ, కృష్ణుడి స్వభావానికీ, ఘటోత్కచుడి బలానికీ సరిపోయింది కనుక ఎవరికీ అభ్యంతరం కలగలేదు. మన ఆలంకారికులు ఔచిత్యం అన్నది దీన్నే. చేర్పును తూచడానికి అంతకన్నా మంచి తూనికరాయి లేదని నా నమ్మకం.

ఆ రాయితో తూచండి. చేర్చినది పాత్రను పెంచిందా, తగ్గించిందా అన్నది మొదట చూడాలి. కామిక్‌లో బార్బరాకు దక్కినవి కొద్ది పేజీలే. తండ్రి పత్రికా కత్తిరింపులు అంటిస్తూ కూర్చుంటే కోకో తెచ్చి ఇచ్చే కూతురిగా కనిపించి, తలుపు తీసీ తీయగానే జోకర్ తూటాకు కూలిపోతుంది. ఆమెకు ముందొక జీవితం ఉందని చూపిస్తే ఆ తూటా మరింత బలంగా తగులుతుందని సినిమా తీసినవారు భావించడంలో తప్పు లేదు; ఆ ఆలోచన నాకు నచ్చింది కూడా. కాని ఆ జీవితంలో వారు చూపించినదేమిటి? ఆమె తెలివి కాదు, గ్రంథాలయంలో ఆమె చేసే పని కాదు, తండ్రితో ఆమెకున్న అనుబంధం అసలే కాదు. ఒక నేరస్థుడి మోజు, ఒక గురువు పట్ల ఆకర్షణ, ఆ ఆకర్షణ తిరస్కారానికి గురైతే పడే బాధ. అరగంట పాటు తెర మీద ఉండి కూడా ఆమె ఇతరుల చూపుకే కట్టుబడి ఉంది.

ఆ చేర్పు మూలంలోని వాదాన్ని బలపరిచిందా, పక్కదారి పట్టించిందా అన్నది ఇంకా లోతైన ప్రశ్న. ఒక్క చెడ్డ రోజు చాలు, ఎంతటి మంచివాడైనా తనలాగే పిచ్చివాడవుతాడన్నది జోకర్ వాదం. దాన్ని రుజువు చేయడానికే అతడు గోర్డన్ కళ్లముందు కూతురిని కాల్చి, ఆ తండ్రిని వివస్త్రుణ్ణి చేసి, పాడుబడిన వినోదశాలలో చిత్రహింస పెడతాడు. విడిపించడానికి వచ్చిన బ్యాట్‌మ్యాన్‌తో గోర్డన్, వాణ్ణి చట్టప్రకారమే పట్టుకోవాలి, మన పద్ధతి సరైనదని వాడికి తెలియాలి అంటాడు. ఆ ఒక్క మాటతో జోకర్ వాదం ఓడిపోతుంది. అంటే ఈ కథలో పరీక్షకు నిలిచినవాడు తండ్రి. బ్యాట్‌మ్యాన్‌కూ బార్బరాకూ మధ్య శారీరక సంబంధం పెట్టిన మరుక్షణం ఆ గాయం బ్యాట్‌మ్యాన్ సొంత గాయమైపోతుంది, అతని వేటకు ప్రేమికుడి పగ అన్న అర్థం వచ్చి చేరుతుంది, తండ్రి పక్కకు జరుగుతాడు. విచిత్రంగా రెండో భాగంలో ఆ సంబంధం ప్రస్తావన దాదాపు లేనేలేదు. పెట్టినదాన్ని వాడుకోలేదు, పెట్టడం వల్ల కలిగిన నష్టం మాత్రం మిగిలింది.

చేర్పు ఎక్కడ పెట్టారన్నది కూడా చూడాలి. ఇందాక చెప్పిన వలయం గుర్తు తెచ్చుకోండి. వాన చినుకులతో మొదలవవలసిన కథ ఇక్కడ బార్బరా గొంతుతో, ఈ కథ ఇలా మొదలవుతుందని మీరు అనుకుని ఉండరు అన్న భావం వచ్చే మాటలతో మొదలవుతుంది. ఆర్కమ్ సన్నివేశం నడిమికి జరిగిపోయింది. ఆది అంతాలు కలవవలసిన చోట ఒక కొస తెగిపోయింది. చేర్పు చెడ్డదా మంచిదా అన్నది అటుంచి, అది ఎక్కడ పెట్టినా ఈ నష్టం తప్పేది కాదా, నడుమ ఎక్కడైనా ఇమిడేదా అని ఆలోచించి చూస్తే మీ తీర్పుకు బరువు వస్తుంది. గోర్డన్ ఇంట్లో తండ్రీకూతుళ్ల దృశ్యాన్ని విస్తరించి ఉంటే వలయం చెడకుండా నిడివి పెరిగేదని నాకనిపిస్తుంది.

ఇదికాక, రెండో భాగంలో కూడా ఒక చిన్న చేర్పు ఉంది. జోకర్ తప్పించుకున్న ప్రతిసారీ ముందుగా తమ దగ్గరికే వస్తాడని, ఈసారి రాలేదని వేశ్యలు బ్యాట్‌మ్యాన్‌తో చెబుతారు. బార్బరాకు జరిగిన దాన్ని గురించి కామిక్ తేల్చి చెప్పకుండా వదిలేసిన విషయాన్ని ఈ మాట ఒకవైపుకు నెట్టేస్తుంది. చిన్న చేర్పులను పెద్ద చేర్పుల కన్నా జాగ్రత్తగా పట్టుకోవాలి, ఎందుకంటే చూసేవారు అవి మూలంలోవే అనుకుంటారు.

ఉన్నదున్నట్టు తీసిన భాగంలో ఏం చూడాలి

రెండో భాగంలో సంభాషణలు చాలావరకు మూర్ రాసినవే, దృశ్యాల క్రమం కామిక్‌దే. చాలామంది ఇక్కడ ఊపిరి పీల్చుకుని, మూలానికి కట్టుబడ్డారు కనుక ఇది బాగుందని రాసేస్తారు. కాని కట్టుబడి ఉండడం ఒక వివరం మాత్రమే. అది గుణమో దోషమో వేరే తేల్చాలి.

కామిక్‌లో కాలం చదువరి చేతిలో ఉంటుంది. ఒక గడి ముందు ఎంతసేపు ఆగాలో, ఎప్పుడు వెనక్కు తిప్పి చూడాలో మనమే నిర్ణయించుకుంటాం. సినిమాలో ఆ అధికారం దర్శకుడిది. కనుక పేజీ మీద పక్కపక్కన ఉన్న రెండు భంగిమలను తెర మీద ఒకదాని తరువాత ఒకటి చూపినంత మాత్రాన ఆ ప్రభావం రాదు. దానికి సమానమైన ఎడిటింగు, శబ్దం, వెలుగు కొత్తగా కనిపెట్టాలి. పుస్తకంలో మీరు గుర్తుపెట్టుకున్న నాలుగైదు అతుకులను తీసుకుని, సినిమాలో అవే చోట్ల ఆపి, అక్కడేం చేశారో రాసుకోండి. నా లెక్కలో చిత్రం చాలాచోట్ల మాటను నిలుపుకుని, అతుకును వదిలేసింది. మొదటి భాగం మూలానికి దూరం వెళ్లి చెడితే, రెండో భాగం మూలానికి మరీ దగ్గరగా నిలబడి పలచబడింది. ఈ రెండు లోపాలను ‘అనుసరణ సరిగా లేదు’ అన్న ఒకే గాటన కడితే చెప్పినట్టు కాదు.

బొమ్మల నాణ్యత విషయంలో న్యాయంగా ఉండాలి. బోలండ్ గీత అతి సన్ననిది. ముఖంలో ప్రతి ముడతకూ నీడ ఉంటుంది. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు కావాలి. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపే సాధారణ పద్ధతిలోనైనా సెకనుకు 12 బొమ్మలు గీయాలి, అదీ అనేకమంది చేతుల మీదుగా. అంత నగిషీని కదిలే బొమ్మలో నిలపడం వీడియో విడుదల కోసం తీసే చిత్రాల వనరులతో సాధ్యం కాదు. గీత సరళం కావడాన్ని తప్పుపట్టకండి. కాని వెలుగునీడల కూర్పు, పాత్రలను నిలబెట్టిన తీరు, వినోదశాలలో భయాన్ని పెంచే నిదానం, ఇవి డబ్బుతో కన్నా ఆలోచనతో వచ్చేవి. అవి లేకపోతే నిర్మొహమాటంగా రాయండి.

కామిక్‌లో లేనివీ, సినిమాలో ఉండక తప్పనివీ మరికొన్ని ఉన్నాయి. వాటిని మొదటి అరగంటతో కలిపి లెక్క వేయకూడదు. గోర్డన్‌ను బొమ్మ రైలులో తిప్పుతూ జోకర్ పాడే పాటకు పుస్తకంలో మాటలే ఉన్నాయి, వరస లేదు. వరస కట్టక తప్పదు, పాడించక తప్పదు. అలాగే ఒక నవ్వు ఎంతసేపు ఉండాలి, ఒక మాటకు ముందు ఎంత మౌనం ఉండాలి అన్నవి. ఈ తప్పనిసరి చేర్పుల్లోనే ఈ చిత్రం తన విలువను చూపించిందని నేను గట్టిగా చెబుతాను. 1992 నుంచి యానిమేషన్‌లో బ్యాట్‌మ్యాన్‌కు గొంతునిచ్చిన కెవిన్ కాన్రాయ్, జోకర్‌కు గొంతునిచ్చిన మార్క్ హామిల్ ఇందులో మళ్లీ కలిశారు. బార్బరాకు టారా స్ట్రాంగ్, గోర్డన్‌కు రే వైజ్ గొంతునిచ్చారు. హామిల్ గొంతులో పాత హాస్యగాడి బేలతనం, ఇప్పటి జోకర్ క్రౌర్యం ఒకే మనిషివిగా వినిపిస్తాయి. గడుల అతుకులు తెర మీద చేయలేని పనిని కొంతవరకు ఆ గొంతే చేసింది. కాన్రాయ్ 2022 నవంబరులో కన్నుమూశాడు. ఆ ఇద్దరి మధ్య ఈ కథను వినగలగడం వల్ల కూడా ఈ చిత్రం నాకు విలువైనది.

ఏ దోషం ఎవరిదో తేల్చండి

బార్బరాకు జరిగిన అన్యాయానికి పూర్తి బాధ్యత సినిమాదేనని రాసేవారు కామిక్‌ను చదవలేదని అర్థం. ఇద్దరు మగవాళ్ల మధ్య వాదానికి ఒక స్త్రీ శరీరాన్ని సాధనంగా వాడుకోవడం మూలంలోనే ఉన్న దోషం. ఆ తూటా తరువాత ఆమె ఏం అనుభవించిందో పుస్తకం పట్టించుకోదు. మూర్ స్వయంగా తరువాతి కాలంలో ఈ రచన పట్ల అసంతృప్తిని వెలిబుచ్చాడు. ఆ అన్యాయాన్ని సరిదిద్దినవారు వేరే రచయితలు: కిమ్ యేల్, జాన్ ఆస్ట్రాండర్ 1989లో చక్రాల కుర్చీలో ఉన్న బార్బరాను ‘ఒరాకిల్’ అనే పేరుతో, కంప్యూటర్లతో పనిచేసే సమాచార నిపుణురాలిగా తిరిగి నిలబెట్టారు. సినిమా చివరి పేర్లు పడుతున్నప్పుడు వచ్చే చిన్న దృశ్యంలో ఆ ఒరాకిల్ కనిపిస్తుంది.

కనుక మీ పరిశీలనలో మూలం నుంచి వారసత్వంగా వచ్చిన దోషాన్ని, అనుసరించినవారు కొత్తగా తెచ్చిన దోషాన్ని వేరు వేరు పేరాల్లో రాయండి. వారసత్వ దోషానికి అనుసరించినవారి బాధ్యత లేదని కాదు; ఇరవై ఎనిమిదేళ్ల తరువాత తీస్తున్నవారికి ఆ విమర్శలన్నీ తెలుసు, దిద్దే అవకాశం ఉంది. ఆ చివరి దృశ్యం ఆ దిద్దుబాటుకు చేసిన ప్రయత్నమే. మొదటి అరగంటను వదిలి ఆ ఒరాకిల్ కథకే అంత సమయం ఇచ్చి ఉంటే, నా అభిప్రాయం పూర్తిగా వేరుగా ఉండేది.

తీర్పు రాసేటప్పుడు మార్కుల సగటును ఆశ్రయించకండి. సగం మంది పదికి తొమ్మిది, సగం మంది పదికి రెండు వేస్తే వచ్చే ఐదున్నర ఏ ఒక్కరి అనుభవమూ కాదు. కామిక్ చదివినవారికి, చదవనివారికి, ఆ గొంతులతో పెరిగినవారికి ఈ చిత్రం మూడు రకాలుగా అందుతుంది. మీరు వారిలో ఎవరో మొదటి వాక్యాల్లోనే చెప్పేస్తే చదివేవారు మీ మాటను సరిగా తూచుకుంటారు.

చివరి దృశ్యాన్ని మాత్రం అందరికన్నా ఎక్కువసేపు చూడండి. బ్యాట్‌మ్యాన్ చెయ్యందిస్తానంటాడు, ఇక ఆలస్యమైపోయిందంటాడు జోకర్, ఆపైన ఉన్మాద చికిత్సాలయం నుంచి పారిపోబోయిన ఇద్దరి కథ చెబుతాడు. మొదటివాడు ఈ కప్పు నుంచి ఆ కప్పుకు దూకేస్తాడు, రెండోవాడు భయపడతాడు, టార్చిలైటు వెలుగు మీద నడిచి రమ్మంటే, సగం దూరం వచ్చాక ఆర్పేస్తావేమో అంటాడు. ఇద్దరూ నవ్వుతారు. కామిక్‌లో బ్యాట్‌మ్యాన్ చేతులు జోకర్ మీద పడతాయి, నవ్వు అక్షరాలు ఆగిపోతాయి, నీటి మీద పడిన వెలుగు గీత మాయమవుతుంది, చినుకులు మిగులుతాయి. అక్కడ బ్యాట్‌మ్యాన్ జోకర్‌ను చంపేశాడని 2013లో గ్రాంట్ మారిసన్ అనే మరో కామిక్ రచయిత వ్యాఖ్యానించినప్పటి నుంచి దాని మీద పెద్ద చర్చే నడిచింది. పేజీ మీద శబ్దం లేదు కనుకనే ఆ అనుమానం బతికి ఉంది. సినిమాకు ఆ వెసులుబాటు లేదు, ఎవరి నవ్వు ఎప్పుడు ఆగిందో వినిపించి తీరాలి. ముందు పుస్తకం చివరి పేజీని తెరిచి ఉంచుకుని, సినిమాలో ఆ నిమిషాన్ని తెర వైపు చూడకుండా గొంతులు మాత్రమే వినండి. తరువాత శబ్దం పూర్తిగా తీసేసి బొమ్మలు మాత్రమే చూడండి. మూడోసారి రెండూ కలిపి చూసి, ఏ నవ్వు ముందు ఆగిందో, ఆగినప్పుడు మీకేమనిపించిందో అప్పటికప్పుడు కాగితం మీద పెట్టండి.